మండె కట్టిన తలంబ్రాలు

తల్లాడ,
జనవరి 8

జంపక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు శివ తెచ్చిన మూట విప్పు. విప్పి, అందులో ఉన్నదాన్ని ఈ పూటే మడిలో చల్లెయ్. చల్లాక చేతులు కడుక్కుని వచ్చి ఈ ఉత్తరం చదువు. ముందు చదివి తర్వాత చల్లుదామనుకున్నావో, నీ సంగతి నాకు తెలుసు, ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చదువుతావు, ఈలోపు మొలకలు వాడిపోతాయి.

చల్లావా? సరే, ఇప్పుడు తిట్టు.

అవి మామూలు వడ్లు కావే. మా అమ్మ తలంబ్రాల వడ్లు. పోయిన వేసవిలో అమ్మకు రెండో కంటికి కూడా ఆపరేషన్ అయిందని రాశాను కదా. కట్టు విప్పిన రోజునే మొక్కుకుంది. టేకులపల్లి తండాలో తన మడిలో పండిన వడ్లు గోటితో ఒలిచి, రెండు శేర్ల బియ్యం భద్రాచలం కల్యాణానికి ఇస్తానని, ఆ పెళ్లి కొత్త కళ్లతో చూస్తానని. పొలంలో ఒక మూల విడిగా నాటింది. యూరియా వెయ్యనివ్వలేదు. కలుపు తనే తీసింది. నువ్వు చూసే ఉంటావు, సన్నగింజ, కొసకు నల్లచుక్క ఉంటుంది.

పంట ఇంటికొచ్చాక సగం వడ్లు నా ఒళ్లో పోసి, "ఒక శేరు నేనొలుస్త, ఒక శేరు నువ్వొలువు బిడ్డా, నీ చెయ్యి గూడ పడాలె" అంది. ఇక్కడ మా వీధిలో కన్నమ్మగారని ఒకావిడ గోటి తలంబ్రాల జట్టు నడుపుతున్నారు. ఆవిడ నియమాలు వింటే మన హాస్టల్ వార్డెన్ గుర్తొస్తుంది. గోటితోనే ఒలవాలి. పంటితో కొరకకూడదు. గింజ విరగకూడదు. నూక ఒక్కటి కనిపించినా పక్కన పెట్టేస్తారు. అందుకని గోళ్లు పెంచాను. ప్రతి సోమవారం బడిలో పిల్లల గోళ్లు చూసి తిట్టే టీచర్ని నేనే. ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు నా చేతులు చూసి పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

పది రోజులు కూర్చుంటే గుప్పెడు బియ్యం వచ్చాయి. బడిలో ఎవరో, కాసేపు నానబెట్టి ఆరబెడితే పొట్టు తేలిగ్గా వదులుతుందన్నారు. నానబెట్టాను. అంతలో ఖమ్మంలో మూడు రోజుల ట్రైనింగ్ అని ఆర్డరొచ్చింది. నీళ్లలో ఉంటే పులిసిపోతాయని వంచేసి, గుడ్డలో మూటకట్టి, పైన గోనెసంచి కప్పి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి పోయాను. ఏం చేస్తున్నానో నాకు తెలియదు జంపక్కా, చేతులు వాటంతట అవే చేశాయి. వచ్చి విప్పితే లోపలంతా తెల్లటి మొలకలు. నారు పొయ్యడానికి కట్టినట్టు శుభ్రంగా మండె కట్టి పోయాను!

పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కిరాయి ఇంట్లో నాకు మడి ఎక్కడిది? తండాకు పంపితే అమ్మకు తెలుస్తుంది. అందుకే పొద్దున్నే భద్రాచలం బస్సు డ్రైవర్ చేతికిచ్చి, సారపాకలో మీ తమ్ముడు శివ దింపుకునేలా ఫోన్ చేశాను.

ఆ మూల మడిలో పండినవి ఇక లేవు. మిగిలినవి కొత్త బియ్యం పాయసానికి, మా అక్కల ఇళ్లకు పోయాయి. అమ్మకు ఇంకా చెప్పలేదు. కళ్లొచ్చాక ఆమె నన్ను అడిగిన పని ఇదొక్కటే. దాన్ని పాడుచేశానని ఏ నోటితో చెప్పను? చెప్పాలంటే ఏడుపొస్తోంది. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ
సోని


ఇప్పలగుంపు, దుమ్ముగూడెం దారి,
జనవరి 17

సోనీ,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. వడ్లు నానబెట్టి, నీళ్లు వంచి, గుడ్డలో కట్టి, గోనె కప్పి, పొయ్యి పక్కన పెట్టి, అయ్యో మొలకలొచ్చాయేమిటని ఆశ్చర్యపోయిన రైతు బిడ్డవి ఈ రెండు జిల్లాల్లో నువ్వొక్కతివే. ఎమ్మే తెలుగు చదివావట. నీ సర్టిఫికెట్ కూడా ఒకసారి నానబెట్టి చూడు.

శివ మిల్లులో డ్యూటీ దిగి, మూట బండి ముందు పెట్టుకుని వంతెన దాటి వచ్చాడు. దాన్ని నా చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, ఇందుల ఏందో బతికే ఉన్నది. దారెంబడి పొట్టకు వెచ్చగ తాకింది" అన్నాడు. కోడిపిల్లలనుకున్నాడట.

మూట సంగతి ఇక అడక్కు. నాకు పది కోళ్లున్నాయని మాత్రం గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు విషయం. మా కొండవాలు చేలో ఈ ఏడు వడ్లు బాగా పండాయి. మేం ఎరువులు ఎప్పుడూ వెయ్యం, మీ అమ్మ నియమానికి అది సరిపోయింది. మా ఊరి కొత్తల పండుగ కూడా అయిపోయింది. కాకముందైతే నువ్వు కాళ్లు పట్టుకున్నా కొత్త గింజ ముట్టుకునేదాన్ని కాదు, మా పద్ధతి నీకు తెలుసు.

నీ శేరు వీటితోనే నింపుదామని, నా అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నేనొక్కదాన్నే కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. మా అత్త ముత్యాలు వచ్చి చూసింది.

"ఏందే, రోలు లేదా మనింట్ల?"

"గోటితోనే ఒలవాలె అత్తా. పెండ్లికి."

"ఎవలి పెండ్లి?"

"భద్రాద్రి రామునిది."

"మల్లనా? పోయినేడు గూడ అయ్యింది గద! మీ మామ ఒక్కపాలి చేసుకోనికే నన్ను రెండేండ్లు తిప్పిండు."

నవ్వుతూనే కూర్చుంది. సాయంత్రానికి పన్నెండు మంది ఆడవాళ్లు చేరారు. దేవుడి కోసమని చెబితే ఆలోచించేవాళ్లేమో గాని, కళ్లు ఆపరేషన్ చేయించుకున్న ఒక ముసలమ్మ మొక్కని చెప్పాను, ఇంకేం అడగలేదు. ఒకామె మాత్రం, "ఆ రామయ్యను మొట్టమొదలు సూసింది మన కోయ దమ్మక్కనే గద, మనకు గాని పెండ్లా అది" అంది.

ఒక్క చిక్కుంది. మా గింజ పొట్టిది. బియ్యం ఎర్రగా ఉంటాయి. మీ అమ్మ కొత్త కళ్ల సంగతి నువ్వే ఆలోచించుకో.

జంపక్క


తల్లాడ,
ఫిబ్రవరి 11

నా బంగారు జంపక్కా,

నీ ఉత్తరం బడిలో అందుకున్నాను. స్టాఫ్ రూంలో చదువుతూ పైకే నవ్వాను, లెక్కల సారు ఏమైందని అడిగారు. కోళ్లు అని చెప్పాను. అయితే నా మూట నీ కోళ్ల పాలైందన్నమాట. పోనీలే, వాటి కడుపైనా నిండింది. నీకు ఆ సమయంలో నారు పోసేంత తీరిక ఎక్కడుంటుంది. నేనే అన్యాయంగా అడిగాను.

ఎర్రగా ఉంటే ఏం చేయాలా అని రోజూ ఆలోచిస్తున్నాను. అమ్మ తండాలో ఉంటుంది, నేనిక్కడ. మూట బిగించి కట్టి, పైన ఎర్రగుడ్డ చుట్టి, దేవుడి దగ్గరే విప్పాలని చెబుతాను. అక్కడ ఎలాగూ పసుపు, గులాలు కలిపేస్తారు. కలిశాక ఎవరి గింజ ఏదో రాముడికే తెలియాలి.

కష్టమంతా అమ్మతో మాట్లాడేటప్పుడే. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది.

"యాడ్దాంక అయ్యింది బిడ్డా?"

"అవ్ యాడీ, అవుతంది."

"గోళ్లు నొస్తన్నయా?"

"లేదు యాడీ."

"నాకైతే మస్తు సంబరమైతంది. గింజ మీద గీత గూడ కనబడ్తంది. ముందుగాల అన్నంల రాయున్నా కనబడకపోతుండె."

నిన్న ఈ మాట విన్నాక ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను. కిటికీ దగ్గర నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చుని ఒక్కో గింజ ఒలుస్తున్న మనిషికి నేను రోజూ అబద్ధం చెబుతున్నాను. ఒకటి రెండుసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఇంకేం సంగతి?" అని ఆమె అడగ్గానే మళ్లీ వెనక్కి పోయింది.

మీ పన్నెండు మందికీ నా దండాలు. ముత్యాలత్తకు నా తరఫున ఒక చీర తెస్తాను. ఏ రంగు ఇష్టమో కనుక్కో.

సోని


ఇప్పలగుంపు,
మార్చి 9

సోనీ,

శివ చేతికిచ్చి పంపిస్తున్నాను. నిండు శేరు, పైన గోపురంలా. ఒక్క నూక లేదు, కావాలంటే మీ వార్డెన్ కన్నమ్మగారిని భూతద్దం పెట్టుకుని చూడమను.

ఈ యాభై రోజులు మా అంగన్‌వాడీ మధ్యాహ్నాలు ఎలా గడిచాయో నువ్వు చూడాల్సింది. మొదటి వారం గింజలన్నీ విరిగాయి. మా వాళ్లకు రోకలి తెలుసు గాని గోటి పని ఎక్కడ తెలుసు? తర్వాత ముత్యాలత్తే కిటుకు కనిపెట్టింది. గింజను అడ్డంగా పట్టుకుని ముక్కు దగ్గర బొటనవేలి గోరు ఆనించి, ఒక్క నొక్కు. టప్పున ఊడొస్తుంది. అప్పట్నుంచి అది ఆటైపోయింది. ఎవరు ఒలుస్తుంటే గింజ విరిగిందో వాళ్లు ఆ రోజు అందరికీ టీ పెట్టాలి. మొత్తం మీద ఎక్కువ టీలు పెట్టింది నేనే. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను.

చీర వద్దంది మా అత్త. వాళ్లందరూ అడిగింది ఒకటే. "మన గింజ ఆయన నెత్తిన పడ్డదా లేదా, ఎవలన్న కండ్లార సూసి చెప్పాలె" అన్నారు.

నేను నవ్వేశాను. ఎన్నో బస్తాల తలంబ్రాల్లో మన శేరు ఎక్కడ పడిందో ఎవరికి కనిపిస్తుంది? కానీ ఇంటికొచ్చాక ఆలోచనలో పడ్డాను. భద్రాచలం నాకు రేషన్ కార్డు పని, దవాఖానా, మీటింగులు. అక్కడ హాస్టల్లో ఐదేళ్లు ఉన్నాం, నవమికి ముందే మనల్ని సెలవులకు పంపేసేవాళ్లు. దేశం నలుమూలల నుంచి జనం రైళ్లెక్కి, బస్సెక్కి వస్తారు. గంట దూరంలో ఉన్న నేను ఆ కల్యాణం ఒక్కసారీ చూడలేదు. ఈసారి వస్తాను. నువ్వు, మీ అమ్మ, నేను. కరకట్ట మీద కూర్చుని పల్లీలు తిందాం. నాకు నిజంగా ఆత్రంగా ఉంది.

జంపక్క


తల్లాడ,
మార్చి 27

జంపక్కా,

పిడుగులాంటి వార్త. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ వేశారు. సరిగ్గా నవమి రోజుల్లోనే ఖమ్మంలో ఉండాలి. సెలవు అడిగాను, ఇవ్వలేదు. నేను రావడం లేదు.

అమ్మ ఆగనంటోంది. "నువ్వు రాకుంటే రాముడు పెండ్లి ఆపుతడా?" అంది. కొత్తగూడెంలో అమ్మ కన్నమ్మగారి జట్టు బస్సెక్కుతుంది. నా శేరు మూట కన్నమ్మగారితోనే పంపుతున్నాను. భద్రాచలంలో బస్సు దగ్గర నువ్వు అమ్మను కలుసుకోవాలి. ముప్పై ఏళ్లయింది మీరు కలిసి. హాస్టల్‌కు వచ్చినప్పుడు నీకు కూడా రొట్టెలు తెచ్చేది, గుర్తుందా? అప్పటికే చూపు మందగించి నిన్ను గొంతుతోనే గుర్తుపట్టేది.

ఇక నీ బాధ్యతలు. మూట విప్పనివ్వకు. విప్పితే ఎండలో విప్పనివ్వకు. ఎర్రగా ఉందేమని అడిగితే పాలిష్ పట్టని బియ్యమని చెప్పు. ఇంకా అడిగితే మాట మార్చు, నీకది బాగా వచ్చు. ఇంకెవరినైనా నా అబద్ధం మొయ్యమని అడిగేదాన్ని కాదు.

కన్నమ్మగారు మీ బియ్యాన్ని నల్ల పళ్లెంలో పోసి గంటసేపు చూశారు. చూసి, "ఇంత చక్కగా ఒలిచింది నువ్వేనా సోనీ?" అన్నారు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి అద్దంలో నా మొహం చూసుకోవాలనిపించలేదు. పన్నెండు మంది కష్టాన్ని నాదని తల ఊపేశాను.

సిగ్గుగా ఉందే. కానీ అమ్మ మొక్కు తీరాలి. ఆమె సంతోషంగా తిరిగొస్తే చాలు.

సోని


భద్రాచలం,
నవమి మర్నాడు పొద్దున

సోనీ,

సత్రం అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మ పక్కనే కూర్చుని కంటి చుక్కలు వేసుకుంటోంది. ఖమ్మం పోయే కన్నమ్మగారి చేతికి ఈ ఉత్తరం ఇస్తాను, నీకు రేపే అందుతుంది. ముందు నీళ్లు తాగు. తర్వాత చదువు.

మొన్న బస్సు దిగగానే గుర్తుపట్టాను. అదే నడక, అదే చేతి గాజులు, నల్లద్దాలు కొత్త. "అమ్మా, జంపక్కను" అన్నాను. ఆమె అద్దాలు తీసి నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అంత జనంలో అలాగే చూస్తూ నిలబడింది. "నీ మొకం గిట్లుంటదా బిడ్డా! ఇన్నేండ్లు నీ గొంతుకు నేనే ఒక మొకం పెట్టుకున్న. అంతకంటే మంచిగున్నవ్" అంది. నేను ఏడ్చాను. ఏడ్చానని ఎవరికీ చెప్పకు.

స్నానాలకు గోదావరి దగ్గరికి వెళ్లాం. మెట్ల మీద మీ అమ్మ చాలాసేపు కదల్లేదు. "నాకు తెల్లగ పొగమంచు లెక్క కనబడుతుండె. అవతలి ఒడ్డున్నదని ఇయ్యాలనే తెల్సింది" అంది. రెండు వంతెనలు, ఇసుక మీద ఆరేసిన చీరలు, ఎదురుగా సారపాక మిల్లు పొగగొట్టం, అన్నీ వేలితో చూపిస్తూ పేర్లు అడిగింది. పొగగొట్టం కూడా బాగుందంది.

స్నానాలయ్యాక కన్నమ్మగారు ఒడ్డున పెద్ద తెల్లగుడ్డ పరిచి అందరి మూటలూ అందులో పొయ్యమన్నారు. ఈ సంగతి నువ్వు నాకు రాయలేదు! మీ అమ్మ తన మూట పోసింది. నీ మూట విప్పింది. మిట్టమధ్యాహ్నం. ఎండ. గోదావరి మెరుపు. ఇంతకంటే వెలుతురు ఎక్కడా ఉండదు.

గుప్పెడు తీసుకుంది. ఒక గింజ బొటనవేలి మీద పెట్టుకుని చూసింది.

"గిది నా మడి గింజ గాదు."

"పాలిష్ పట్టలేదు గదమ్మా, అందుకని" అన్నాను.

"జంపీ, ఆపరేషనయింది నాకు. ఏంది సంగతి?"

మాట మారుద్దామని అవతలి ఒడ్డు చూపించాను. అటు తిరగనైనా లేదు. చెప్పేశాను సోనీ. నానబెట్టింది, మండె కట్టింది, బస్సులో పంపింది, మా వాళ్లు ఒలిచింది, మొత్తం.

గుప్పెట్లోని గింజలు మళ్లీ మూటలో పోసింది. తర్వాత, "నాతోని ఎందుకు జెప్పలే?" అంది.

"నువ్వు బాధపడతవని."

"బాధేంది? మండె గడితే మొలకలొస్తయ్. రాకపోతే గద బాధ!" అని నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుంది. "చిన్నప్పటికెల్లి గంతే అది. దెబ్బ తాకితే దాసుకుంటది, కుంటుకుంట ఏం గాలేదంటది. మూడు నెల్లు ఎట్ల మోసిందో ఏమో పిల్ల" అంది. ఆ చివరి మాట నీకోసం ఉన్నదున్నట్టు రాశాను.

తర్వాత, ఎంతమంది ఒలిచారని అడిగింది. పన్నెండు మందన్నాను. పేర్లు చెప్పమంది. నేను ఒక్కో పేరు చెబుతుంటే ఒక్కో గుప్పెడు ఆ ఎర్రబియ్యం తన తెల్లబియ్యం మీద పోసింది. కన్నమ్మగారు ఊరుకోలేదు. "మొక్కుకున్నది నీ పొలం గింజలు గదా హేమ్లమ్మా, వేరేవి కలిపితే ఎట్లా?" అన్నారు.

మీ అమ్మ అంది కదా, "రాముడు పద్నాలుగేండ్లు అడివిల ఏం దిన్నడు? సన్నబియ్యమా? ఆకలైనప్పుడు తిన్న గింజను పెండ్లినాడు వద్దంటడా?"

కన్నమ్మగారు తనే వంగి రెండు చేతులతో కలిపారు. ఆ మూట నా నెత్తిన పెట్టించింది మీ అమ్మే. "పన్నెండు మంది తరఫున నువ్వే మొయ్యాలె" అంది. మేళంతో గుడి మెట్లెక్కుతుంటే నా కాళ్లు తేలిపోయాయి. పోలీసులు, బారికేడ్లు, మంచినీళ్ల ప్యాకెట్లు, తోపులాట, అన్నీ బాగున్నాయి నాకు.

నిన్న కల్యాణం. మిథిలా స్టేడియంలో ఎక్కడో వెనక సెక్టారులో నిలబడ్డాం. దేవుడు బొటనవేలంత కనిపించాడు. మీ అమ్మ మాత్రం పెద్ద తెర వైపు చూడలేదు. "తెర మీద సూసేటందుకా కండ్లు చేయించుకున్నది?" అంది. తలంబ్రాలు పోస్తుంటే స్టేడియం మొత్తం ఒక్కసారిగా కేక వేసింది. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని పిసికేసింది, ఇంకా నొప్పిగా ఉంది.

తర్వాత తలంబ్రాల ప్రసాదం పొట్లం దొరికింది. కరకట్ట మీద కూర్చుని దాన్ని అరచేతిలో పోసుకుని, ఒక్కో గింజ పసుపు రుద్ది రుద్ది చూసింది. పల్లీలన్నీ నేనే తిన్నాను. అరగంట తర్వాత పొట్టి గింజొకటి నా చేతిలో పెట్టింది. పసుపు కింద ఎరుపు. "గిదిగో. మీ అత్తకు చూపెట్టు. పడ్డది" అంది. అది మాదేనా? ఏమో. ఆమె తన కళ్లతో చూసి చెప్పింది. నేను కాదనలేదు. కొంగున కట్టుకున్నాను.

ఇంకొకటి. ఉప్పూ కారం వేసిన మామిడి ముక్కలు కొని నాకు పెట్టింది. నేను తినలేదు. మా ఊరి మామిడి పండుగ కాకుండా కొత్త కాయ మేం నోట పెట్టం కదా. విని, తన చేతిలో ముక్క కూడా కింద పెట్టేసింది. "నువ్వు తినకపోతే నేనొక్కదాన్నే ఎట్ల దింట? పండుగెప్పుడు?" అంది. గురువారమన్నాను. "అయితే నేను మీ ఊరొస్త" అంది.

చివరికి ఒకటే అడిగింది. "మొలకలు ఏమైనయ్?" మా ఊరొస్తే చెబుతానన్నాను.

జంపక్క


ఖమ్మం,
ఏప్రిల్ 9

జంపక్కా,

స్పాట్ సెంటర్ మెట్ల మీద నీ ఉత్తరం చదివాను. ఏడుస్తూ నవ్వుతుంటే చుట్టూ టీచర్లు, ఏ పిల్లాడు ఏం రాశాడో అనుకున్నారు.

మూడు నెలల బరువు దిగిపోయింది. కానీ అమ్మ గొంతు వినేదాకా నాకు నమ్మకం లేదు. మీ ఊళ్లో ఫోన్ కలవదు. నిన్నటి నుంచి ముప్పైసార్లు చేశాను. నిజంగానే కోపం లేదా? నా ముందు నవ్వి తర్వాత కూర్చుని బాధపడే మనిషి ఆమె. మొలకలు కోళ్లకు వేశారని తెలిస్తే ఏమంటుందో. ఆ వడ్ల కోసం ఆ మూలమడిలో ఎంత వంగిందో నేను చూశాను. క్షమించమని చెప్పు. వద్దు, నేనే చెబుతాను. ఎప్పుడొస్తోంది? శివతో కబురు పంపిస్తే బస్సు దగ్గర నిలబడతాను.

ఉత్తరం తెచ్చిన కన్నమ్మగారు నేను చదివేదాకా పక్కనే నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపు, "పన్నెండు పేర్లూ నేను కూడా విన్నానులే" అన్నారు. ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాను. కన్నమ్మగారు నవ్వి, నా గోళ్లు చూసి వెళ్లిపోయారు. ఈ డ్యూటీ అయి బడికి వెళ్లేలోగా వీటిని కత్తిరించేస్తాను.

సోని


ఇప్పలగుంపు,
ఏప్రిల్ 15

సోనీ బిడ్డా,

చెప్పేది నీ యాడి హేమ్లి. రాసేది జంపక్క. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, టీచరమ్మల తెలుగు కలపొద్దని ఒట్టు పెట్టించుకున్న.

నేను మంచిగున్న. జంపి దినాం మూడుసార్లు కండ్లల్ల చుక్కలేస్తంది. మామిడి పండుగయ్యింది. ఊరంత ఒక్కపాలి కొత్త కాయ తిన్నరు, నేను గూడ ఆళ్లతోటే తిన్న. ముత్యాలు నేను ఒక్క ఈడోళ్లం. ఆమె కోయల మాట్లాడ్తది, నేను లంబాడీల మాట్లాడ్త, నడుమ తెలుగుల నవ్వుకుంటం. ఆ ఎర్రగింజను సూసి ముత్యాలు అందరిండ్లకు తీస్కపోయి చూపెట్టింది.

ఇగ అసలు ముచ్చట ఇను. వచ్చిన రెండో దినం పొద్దుగాల జంపి నన్ను వాగు ఎనకకు తోల్కపోయింది. ఆడ చిన్న మడి. చుట్టు ముండ్లకంప. లోపల వరి నడుమెత్తు పెరిగి కంకేసింది. "ఎవల్ది?" అన్న. "నువ్వే చూసి చెప్పమ్మా" అన్నది.

దిగిన. ఒక్క కంకి పట్టుకొని సూసిన. సన్నగింజ. కొసకు నల్లచుక్క.

నా వడ్లు, బిడ్డా. గట్టు మీద కూసొని ఏడ్సిన. సంతోషంతోనే ఏడ్సిన.

జంపి ఒక్క మొలక గూడ కోళ్లకెయ్యలే. ఆ దినమే చల్లిందట. నిలుస్తదో నిలువదోనని, మల్ల నీకు ఆశ పెట్టి దుఃఖం జెయ్యొద్దని, నాటు పచ్చవడ్డంక గూడ నీకు జెప్పలే. కోళ్లు దూరకుండ ఆ కంప గూడ అదే కొట్టింది. గిది రాయనంటంది, నేనే రాయిస్తన్న.

ఏటేట నేను మండె గడ్తుంటె నువ్వు పక్కపొంట కూసొని సూస్తుంటివి. పట్నం సదువు సదివి అన్ని మర్సిపోయినవనుకున్న. నువ్వు మర్సినవేమో గని నీ చేతులు మర్వలే. పాడుజేసిననని మూడు నెల్లు ఏడ్సినవట. పాడుగాలే, పండింది. నాకు కోపం లేదు. ఇంకెప్పుడు నాతోని దాయకు. గంతే.

నేను ఇప్పుడే రాను. కోత నేనే కోస్త. కోసినంక సగం ఈడ ముత్యాలోళ్లు ఒలుస్తరు, సగం నేను తెస్త. వచ్చే నవమికి గవే తలంబ్రాలు. ఎవలు డ్యూటీ ఏసినా ముగ్గురం పోవాలె.

నీ శేరు నీకు తెచ్చిస్త. గోళ్లు తియ్యకు.

యాడి